రాజీనామా కాదు, తొలగింపూ కాదు: మాట్లాడుకుని ఉద్యోగం వదులుకోవడం వెనక లెక్కలు

క్లుప్తంగా: ఉద్యోగి, యాజమాన్యం కూర్చుని మాట్లాడుకుని, ఒక తేదీకి, ఒక మొత్తానికి ఒప్పుకుని విడిపోవడం చాలా దేశాల్లో మామూలు విషయమైంది. ఈ బేరంలో యాజమాన్యం కోర్టు గొడవ రాదన్న భరోసాను కొనుక్కుంటుంది. ఉద్యోగి కేసు వేసే హక్కును వదులుకుని డబ్బు తీసుకుంటాడు. వద్దని చెప్పే వీలు ఉద్యోగికి నిజంగా ఉందా లేదా అన్నదే దీనికి గీటురాయి. ఆలోచించుకునే గడువు, బయటి సలహా, కనీస పరిహారం అనే మూడు పనిముట్లతో చట్టాలు ఆ వీలును కాపాడాలని చూస్తాయి. ఏ దేశం దేని మీద ఆధారపడిందన్న దగ్గరే తేడాలు వస్తాయి.

ఉద్యోగిని మీటింగ్ రూమ్‌కి పిలుస్తారు. లోపల మేనేజర్, పక్కన హెచ్ఆర్ అధికారి. "మీ అంతట మీరే రిజైన్ చేస్తే మూడు నెలల జీతం ఇస్తాం, రిలీవింగ్ లెటర్‌లో ఏ మచ్చా ఉండదు" అంటారు. టేబుల్ మీద కాగితం సిద్ధంగా ఉంటుంది. బయటికి వచ్చాక ఆ ఉద్యోగి తానే మానేసినట్టా, తీసేసినట్టా? ఇంట్లోవాళ్లు అడిగినా, తర్వాతి ఇంటర్వ్యూలో అడిగినా ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం కష్టం. చట్టం ఇచ్చే జవాబు కూడా దేశాన్ని బట్టి, ఆ కాగితం మీద రాసినదాన్ని బట్టి, ఒక్కోసారి ఆ గదిలో ఎంతసేపు కూర్చోబెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది.

## మూడు దారులకు తేడా ఎక్కడ

రాజీనామా ఒకరి నిర్ణయం. ఉద్యోగి నోటీస్ ఇస్తాడు, గడువు పూర్తి చేస్తాడు, వెళ్లిపోతాడు. తొలగింపు కూడా ఒకరి నిర్ణయమే, కానీ అది యాజమాన్యానిది. చాలా దేశాల్లో దానికి కారణం చూపాలి, పద్ధతి పాటించాలి, పరిహారం ఇవ్వాలి. మూడో దారిలో ఇద్దరూ కలిసి కాంట్రాక్టును ముగిస్తారు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టారు కాబట్టి, ఇద్దరూ ఒప్పుకుని దాన్ని రద్దు చేసుకోవచ్చన్నది దీని వెనక ఉన్న పాత న్యాయసూత్రం.

వినడానికి తేలిగ్గానే ఉన్నా, ఏ పేరుతో వెళ్లారన్నదాన్ని పట్టుకుని చాలా విషయాలు వేలాడుతుంటాయి. నిరుద్యోగ భృతి ఉన్న దేశాల్లో రాజీనామా చేసినవారికి సాధారణంగా అది వెంటనే రాదు, తొలగించినవారికి వస్తుంది. తొలగిస్తే యూనియన్‌తోనో ప్రభుత్వంతోనో సంప్రదించాల్సి రావచ్చు, రాజీనామాకు ఆ తతంగం ఉండదు. తొలగింపును కోర్టులో సవాలు చేయవచ్చు. రాజీనామాను సవాలు చేయాలంటే "నాతో బలవంతంగా రాయించారు" అని నిరూపించాలి, ఆ భారం ఉద్యోగి మీద పడుతుంది. యాజమాన్యాలు రాజీనామా లేఖ అడగడానికి ముఖ్య కారణం ఇదే. అందుకే పరస్పర ఒప్పందాన్ని రాజీనామా రూపంలో రాయించుకోవడం, ఒప్పందం రూపంలోనే రాసుకోవడం ఒకటి కాదు. రెండో దానిలో ఎవరు ఏమిచ్చారు, ఎవరు ఏం వదులుకున్నారు అన్నది కాగితం మీద ఉంటుంది. మొదటి దానిలో "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ మిగలదు.

## బేరం ఎందుకు కుదురుతుంది, ఎప్పుడు చెడుతుంది

యాజమాన్యం అదనంగా డబ్బు ఎందుకిస్తుంది? మంచితనం ఉండొచ్చు కానీ లెక్క కూడా ఉంటుంది. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. తొలగిస్తే ఉద్యోగి కేసు వేస్తాడు. యాజమాన్యం ఓడిపోయే అవకాశం 40 శాతం అనుకుందాం. ఓడితే 10 నెలల జీతం ఇవ్వాలి. గెలిచినా ఓడినా లాయర్లకు, అధికారుల సమయానికి 2 నెలల జీతమంత ఖర్చవుతుంది. అంటే తొలగింపు దారి సగటున 6 నెలల జీతం ఖరీదు. ఉద్యోగి వైపు నుంచి చూస్తే, 10 నెలల జీతం వచ్చే అవకాశం 40 శాతం, సొంత ఖర్చు ఒక నెల జీతం. సగటున చేతికొచ్చేది 3 నెలల జీతం. కాబట్టి 3కీ 6కీ మధ్య ఎక్కడ ఒప్పుకున్నా ఇద్దరికీ లాభమే. ఆ 3 నెలల తేడా ఎక్కడి నుంచి పుట్టిందో గమనించాలి. అది ఇద్దరూ కలిసి కోర్టు ఖర్చుగా తగలేయబోయే మొత్తం.

ఇప్పుడు అంచనాలు వేరుగా ఉన్నాయనుకుందాం. ఉద్యోగి తాను గెలిచే అవకాశం 70 శాతం అని నమ్ముతున్నాడు. అప్పుడు అతను 6 నెలలకు తక్కువైతే కదలడు. యాజమాన్యం తాము ఓడే అవకాశం 20 శాతమే అనుకుంటోంది. అప్పుడది 4 నెలలకు మించి ఇవ్వదు. బేరం అక్కడే ఆగిపోతుంది. మొండితనం వల్ల చెడిపోయిందని బయటివాళ్లు అనుకునే చర్చలు చాలావరకు ఇలా అంచనాలు కలవక చెడిపోయినవే. ఉద్యోగికి స్వతంత్ర లాయర్ సలహా దొరికితే యాజమాన్యానికి నష్టమని కొందరు మేనేజర్లు భయపడతారు. జరిగేది తరచూ అందుకు విరుద్ధంగా ఉంటుంది. కేసు బలం ఎంతో నిష్పక్షంగా చెప్పేవాళ్లుంటే అంచనాలు దగ్గరపడతాయి, సంతకాలూ త్వరగా పడతాయి.

డబ్బు ఒక్కటే కాదు. ఉద్యోగికి సర్వీసులో తెగుదల కనిపించకుండా ఉండటం, కొత్త కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది లేకపోవడం, బీమా ఇంకొన్ని నెలలు కొనసాగడం ముఖ్యం కావచ్చు. యాజమాన్యానికేమో ఖాతాదారుల వివరాలు సక్రమంగా చేతులు మారడం ముఖ్యం. ఒకరికి చవక, మరొకరికి విలువైనది అయిన ఇలాంటి అంశాలు ఎన్ని దొరికితే బేరం అంత సులువవుతుంది.

## ఆఫర్‌కూ సంతకానికీ మధ్య ఎన్ని రోజులు

ఈ లెక్కంతా ఇద్దరూ తీరిగ్గా ఆలోచించుకోగలరన్న ఊహ మీద నిలబడింది. వచ్చే నెల ఇంటి వాయిదా కట్టాల్సిన మనిషికీ వందల మందిని నడిపే సంస్థకూ తీరిక సమానంగా ఉండదు. చట్టాలు జోక్యం చేసుకునేది ఇక్కడే.

ఫ్రాన్స్ అందరికన్నా వివరమైన పద్ధతి పెట్టుకుంది. 2008 జనవరిలో యాజమాన్య సంఘాలకూ కార్మిక సంఘాలకూ మధ్య కుదిరిన జాతీయ ఒప్పందం ఆధారంగా, అదే ఏడాది జూన్ 25న వచ్చిన చట్టం "రప్చూర్ కన్వాన్షనెల్" (ఒప్పుకుని విడిపోవడం) అనే మార్గాన్ని తెచ్చింది. కనీసం ఒక ముఖాముఖి సమావేశం జరగాలి. దానికి ఉద్యోగి సహాయంగా ఒకరిని తెచ్చుకోవచ్చు. సంతకాలయ్యాక 15 రోజుల్లో ఇద్దరిలో ఎవరైనా కారణం చెప్పకుండా వెనక్కి తగ్గవచ్చు. ఆ తర్వాత కాగితాలు ప్రభుత్వ కార్మిక శాఖకు వెళ్తాయి. వాళ్లకు 15 పని దినాల గడువు ఉంటుంది. ఏమీ అనకపోతే ఆమోదించినట్టే. పరిహారం చట్టబద్ధమైన తొలగింపు పరిహారానికి తగ్గకూడదు: మొదటి పదేళ్లకు ఏడాదికి పావు నెల జీతం, ఆపైన ఏడాదికి మూడో వంతు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇలా వెళ్లినవారికి నిరుద్యోగ భృతి హక్కు ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ ఇలాంటి ఒప్పందాలు ఏటా 5 లక్షలు దాటుతున్నాయంటే ఈ ఒక్క వాక్యమే పెద్ద కారణం.

బ్రిటన్ ప్రభుత్వ ఆమోదం జోలికి పోలేదు, సలహా మీద ఆధారపడింది. అక్కడ దీన్ని సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ అంటారు. 2013 జులై వరకు కాంప్రమైజ్ అగ్రిమెంట్ అనేవారు. "కాంప్రమైజ్" అంటే ఎవరో తప్పు ఒప్పుకున్నట్టు ధ్వనిస్తుందని పేరు మార్చారు. చట్టబద్ధమైన హక్కులు వదులుకునే ఈ ఒప్పందం చెల్లాలంటే ఉద్యోగి స్వతంత్ర సలహాదారు దగ్గర సలహా తీసుకుని ఉండాలి. ఆ సలహాదారుకు వృత్తి బీమా కూడా ఉండాలి. ఆ ఫీజులో కొంత యాజమాన్యమే భరించడం రివాజు. ఆఫర్ ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం 10 రోజులు ఇవ్వాలని కార్మిక వివాదాల సంస్థ ఏకాస్ నియమావళి చెబుతుంది. అదే 2013లో మరో మార్పు వచ్చింది. అప్పటికి ఏ వివాదమూ లేకపోయినా యాజమాన్యం ఈ మాట ఎత్తవచ్చు, ఆ సంభాషణను తర్వాత మామూలు అన్యాయ తొలగింపు కేసులో సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. వివక్ష ఆరోపణలున్న కేసులకు ఈ రక్షణ వర్తించదు. యాజమాన్యం బెదిరించినా, అనుచిత ఒత్తిడి తెచ్చినా రక్షణ పోవచ్చు.

అమెరికాలో ఎప్పుడైనా, దాదాపు ఏ కారణంతోనైనా తీసేయగల పద్ధతి ఉంది కదా, మరి ఒప్పందం దేనికి? వయసు, జాతి, లింగ వివక్ష కేసుల భయం. అందుకే అక్కడ రక్షణ కూడా ఆ చోటే దట్టంగా ఉంది. 1990లో వచ్చిన చట్టం ప్రకారం 40 ఏళ్లు నిండినవారు వయసు వివక్షపై కేసు వేసే హక్కు వదులుకోవాలంటే ఆలోచించడానికి 21 రోజులు ఇవ్వాలి. అది సామూహిక పథకమైతే 45 రోజులు. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. భాష అర్థమయ్యేలా ఉండాలి, లాయర్‌ని సంప్రదించమని రాతపూర్వకంగా చెప్పాలి, ఎలాగూ రావాల్సిన బకాయిలు కాక అదనంగా ఏదైనా ఇవ్వాలి. ఈ నియమాలు ఎంత గట్టివో 1998లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఎంటర్జీ కేసు చూపింది. ఆ విద్యుత్ సంస్థ ఒక ఉద్యోగినికి 14 రోజులే గడువిచ్చింది, వెనక్కి తీసుకునే 7 రోజుల సంగతి రాయలేదు. ఆమె డబ్బు తీసుకుని, దాన్ని తిరిగివ్వకుండానే కేసు వేసింది. నియమాలు పాటించకుండా రాయించుకున్న హక్కుల మాఫీ (కేసు వేయనన్న ఒప్పుకోలు) చెల్లదని, డబ్బు ఉంచుకున్నంత మాత్రాన ఆమె నోరు కట్టేసినట్టు కాదని కోర్టు తేల్చింది. హెచ్ఆర్ విభాగాలు క్యాలెండర్ దగ్గర పెట్టుకుని రోజులు లెక్కపెట్టే అలవాటు వెనక ఇలాంటి తీర్పులున్నాయి.

## జర్మనీ: పది నిమిషాల మౌనం

జర్మనీది వేరే దారి. అక్కడ ఇలాంటి ఒప్పందం కాగితం మీద, సిరా సంతకాలతో ఉండాలి. ఈమెయిల్ చెల్లదు. కానీ ఫ్రాన్స్‌లోలా సంతకం తర్వాత వెనక్కి తగ్గే గడువు చట్టంలో లేదు. పైగా తగిన కారణం లేకుండా ఇలా ఒప్పుకుని వెళ్తే సాధారణంగా 12 వారాల పాటు నిరుద్యోగ భృతి ఆగిపోతుంది. చూస్తే ఉద్యోగికి ఏ కాపలా లేనట్టే ఉంది. ఆ ఖాళీని కోర్టులు పూరించాల్సి వచ్చింది. అక్కడి ఫెడరల్ లేబర్ కోర్టు ఇచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెడితే గీత ఎక్కడ పడిందో తెలుస్తుంది.

మొదటిది 2019 ఫిబ్రవరి 7 నాటిది. శుభ్రపరిచే పని చేసే ఒకామె తన ఇంట్లో ఉండగా యాజమాన్యం తరఫు మనిషి వచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఉద్యోగం అక్కడికక్కడే ముగిసింది, పరిహారం ఏమీ లేదు. ఆ సమయంలో తాను జబ్బుతో పడుకుని ఉన్నానని ఆమె వాదించింది. ఇంటి గుమ్మంలో కొన్న వస్తువును వెనక్కి ఇచ్చే వినియోగదారు హక్కు ఇక్కడ వర్తించదని కోర్టు చెప్పింది. అంతటితో ఆగలేదు. చర్చ నిజాయితీగా జరపాల్సిన బాధ్యత ఒకటుందని, అవతలి మనిషి మానసికంగానో శారీరకంగానో ఆలోచించి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే, ఆ స్థితిని యాజమాన్యం కావాలని సృష్టించినా వాడుకున్నా ఒప్పందం చెల్లకుండా పోవచ్చని చెప్పింది. ఆ రోజు ఆమె స్థితి ఏమిటో తేల్చమని కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది.

రెండోది 2022 ఫిబ్రవరి 24న వచ్చింది. కొనుగోలు ధరలను కంప్యూటర్‌లో మార్చి లాభం ఎక్కువగా చూపిందని ఆరోపణ ఎదుర్కొన్న ఒక సేల్స్ ఉద్యోగినిని యజమాని గదికి పిలిచారు. యజమాని పక్కన ఆయన లాయర్ ఉన్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే వెంటనే తొలగింపు, పోలీసు ఫిర్యాదు తప్పవన్నారు. సుమారు పది నిమిషాల పాటు ముగ్గురూ మాట్లాడకుండా కూర్చున్నారు. ఆమె సంతకం పెట్టింది. ఆలోచించుకోవడానికి, లాయర్‌ని అడగడానికి సమయం అడిగితే ఇవ్వలేదని తర్వాత వాదించింది. అది నిజమే అనుకున్నా, అప్పటికప్పుడు తేల్చుకోమనడం ఒక్కటే అన్యాయమైన చర్చ కిందికి రాదని కోర్టు చెప్పింది. ఒప్పందం నిలబడింది.

రెండు తీర్పులూ కలిపి చూస్తే కోర్టు లెక్క ఇది: ఒత్తిడి ఉండటం నేరం కాదు, మనిషి ఆలోచించే శక్తిని దెబ్బతీయడం తప్పు. ఈ తేడా చట్టం చదివినవారికి స్పష్టంగానే ఉండవచ్చు. ఆ కుర్చీలో కూర్చున్నవారికి ఆ టెన్షన్‌లో కనిపిస్తుందా అన్నది అనుమానమే. ఫ్రాన్స్ 15 రోజుల నియమం ఉంటే ఆ రెండో కేసు పుట్టేదే కాదు. గడువు పెడితే మనసు లోపలి స్థితిని కోర్టు తవ్వి చూడాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

## ఒకరు కాదు, వేలమంది అయినప్పుడు

ఒకే ఉద్యోగితో కాక ఒక వర్గం మొత్తానికి ఆఫర్ ప్రకటిస్తే అది స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, అందరి నోటా వీఆర్ఎస్. భారతదేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్వచ్ఛంద విరమణను రిట్రెంచ్‌మెంట్ (సిబ్బందిని తగ్గించడానికి చేసే తొలగింపు) నిర్వచనం నుంచి మినహాయించింది. దాంతో పెద్ద సంస్థలు రిట్రెంచ్‌మెంట్‌కు అవసరమైన ప్రభుత్వ అనుమతి బాధ లేకుండా సిబ్బందిని తగ్గించుకునే దారి దొరికింది. ఆదాయపు పన్ను చట్టం కూడా షరతులతో 5 లక్షల రూపాయల వరకు మినహాయింపు ఇచ్చి దీన్ని ప్రోత్సహించింది. ఆ షరతుల్లో ఒకటి ఆసక్తికరం: ఖాళీ అయిన పోస్టును మళ్లీ నింపకూడదు. పేరుకు వీఆర్ఎస్ ఇచ్చి, నచ్చనివారిని పంపి కొత్తవారిని తెచ్చుకునే ఎత్తుగడకు ఇది అడ్డుకట్ట.

2019లో బీఎస్‌ఎన్‌ఎల్ ప్రకటించిన పథకానికి 78 వేల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. ఇలాంటి పథకాల్లో తలనొప్పి సంఖ్య గురించి కాదు, ఎవరు వెళ్తారన్న దాని గురించి. ఆఫర్ అందరికీ ఒకటే అయినప్పుడు దాన్ని ముందుగా అందుకునేది బయట సులువుగా ఉద్యోగం దొరికేవాళ్లు, అంటే నైపుణ్యం ఉన్నవాళ్లు. వేరే గతి లేనివాళ్లు ఉండిపోతారు. యాజమాన్యం కోరుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. అందుకే దాదాపు ప్రతి పథకంలోనూ "దరఖాస్తును తిరస్కరించే హక్కు యాజమాన్యానిది" అన్న వాక్యం ఉంటుంది. ఆ వాక్యం వల్ల ఇంకో చిక్కు. వెళ్తానని చేయి ఎత్తి, తిరస్కరణకు గురైన ఉద్యోగి మర్నాడు అదే కుర్చీలో కూర్చుని పనిచేయాలి. అతని మనసు అక్కడ లేదని అందరికీ తెలిసిపోయాక.

ఆఫర్ అంటే ఎవరిది అన్న ప్రశ్న కూడా ఇక్కడే వచ్చింది. 2000 ప్రాంతంలో ప్రభుత్వ రంగ బ్యాంకులు తెచ్చిన వీఆర్ఎస్‌లో ఒకసారి దరఖాస్తు పెడితే వెనక్కి తీసుకోకూడదన్న షరతు ఉండేది. కొందరు మనసు మార్చుకున్నారు. బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఓపీ స్వర్ణకార్ కేసుగా పేరుపడ్డ వ్యాజ్యంలో భారత సుప్రీంకోర్టు ఆ పథకాన్ని ఆహ్వానంగానే చూసింది. అసలు ఆఫర్ ఉద్యోగి పెట్టే దరఖాస్తే, బ్యాంకు అంగీకరించేలోపు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు అంది. ప్రయోజనాలు తీసుకుని వాడుకున్నవారికి మాత్రం ఆ వెసులుబాటు లేదంది. కాంట్రాక్టు చట్టం ఓనమాలే ఇవి. వేలమంది భవిష్యత్తు ఆ ఓనమాల మీద ఆధారపడింది.

## ఒప్పించడం ఎక్కడ వేధింపు అవుతుంది

జపాన్‌లో తొలగింపుకు కోర్టులు పెట్టిన కొలమానం చాలా కఠినం. కాబట్టి సంస్థలు ఒప్పించే దారికే మొగ్గు చూపుతాయి. ఉద్యోగం మానమని నచ్చజెప్పడం అక్కడ దానంతట అది తప్పు కాదు. షిమొనొసెకి నగరంలోని ఒక వాణిజ్య ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఉద్యోగం మానబోమని చెప్పినా వారిని పదిసార్లకు పైగా పిలిపించి, ఒప్పుకునేదాకా వదలమన్న ధోరణిలో ఒత్తిడి తెచ్చిన వ్యవహారం కోర్టుకెక్కింది. అది హద్దు దాటిందన్న తీర్పును 1980లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాతి కాలంలో "ఓయిదాషిబెయా" అన్న మాట జపాన్ పత్రికల్లో బాగా వినిపించింది. తరిమే గది అని అర్థం. మానమంటే మానని ఉద్యోగిని అర్థంలేని పనులిచ్చి కూర్చోబెట్టే విభాగానికి జనం పెట్టిన పేరు. ఉద్యోగి వద్దన్న తర్వాత ఏం జరుగుతుందన్నది ఆ పేరులోనే ఉంది.

ఈ అనుభవాల నుంచి నిర్వహణ పద్ధతులు కొన్ని స్థిరపడ్డాయి. మొదటి సమావేశంలో సంతకం అడగరు. ఎందుకు మాట్లాడుతున్నారో, ఒప్పుకుంటే ఏమిటో, ఒప్పుకోకపోతే ఏమిటో చెప్పి, కాగితం చేతికిచ్చి ఇంటికి పంపుతారు. ఈ మూడింట్లో మూడోదాన్నే మేనేజర్లు ఎక్కువగా దాటేస్తారు. ఒప్పుకోకపోతే ఉద్యోగం మామూలుగా కొనసాగుతుందా, పనితీరు సమీక్ష మొదలవుతుందా, పోస్టే రద్దవుతుందా? జవాబు చేదుగా ఉన్నా ముందే చెప్పడం నయం. చెప్పకపోతే ఉద్యోగి అన్నిటికన్నా చెడ్డదాన్ని ఊహించుకుంటాడు, ఆ భయంతో పెట్టిన సంతకం కోర్టులో బలహీనపడుతుంది. ఇక లేని చర్య ఉన్నట్టు బెదిరిస్తే ఒప్పందం పునాదే కదులుతుంది.

మాట్లాడేది ఎవరన్నది కూడా చిన్న విషయం కాదు. రోజూ కలిసి పనిచేసే మేనేజర్‌కు సంబంధం ఉంటుంది, అధికారం ఉండదు. "ఇంకో నెల ఇప్పించగలను చూస్తాను" లాంటి నోటి మాటలు అక్కడి నుంచే జారతాయి, తర్వాత వివాదాలు వాటి మీదే నడుస్తాయి. హెచ్ఆర్ అధికారికి అధికారం ఉంటుంది, మనిషి తెలియడు. ఇద్దరూ ఉండి, అంకెలు మాత్రం ఒక్కరే మాట్లాడే ఏర్పాటు అందుకే ఎక్కువగా కనిపిస్తుంది. అనారోగ్య సెలవులోనో ప్రసూతి సెలవులోనో ఉన్నవారితో ఈ మాట ఎత్తడం దాదాపు ఎక్కడైనా ప్రమాదకరం. ఉద్దేశం ఏదైనా అది వివక్షలా కనిపిస్తుంది.

## కాగితం మీద ఏముండాలి

ఒప్పంద పత్రంలో తరచూ జరిగే పొరపాటు, ఎలాగూ రావాల్సినదాన్ని అదనపు పరిహారంతో కలిపేయడం. పనిచేసిన రోజుల జీతం, వాడుకోని సెలవుల డబ్బు, అర్హత ఉంటే గ్రాట్యుటీ, భవిష్య నిధి ఇవన్నీ ఉద్యోగి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇవ్వాల్సినవే. "మొత్తం ఆరు లక్షలు" అని గంపగుత్తగా రాస్తే, అందులో నిజంగా బేరం వల్ల వచ్చింది ఎంతో తెలియదు. ఒక్కోసారి సున్నా కూడా కావచ్చు. రెండు పట్టికలు వేరుగా వేయడం ఇద్దరికీ మంచిది. యాజమాన్యం వైపు నుంచి కూడా, అదనంగా ఏదో ఇచ్చామని చూపలేకపోతే హక్కుల మాఫీ నిలబడటం కష్టమని అమెరికా నియమంలోనే చూశాం.

పన్ను సంగతి ఎవరు చూసుకుంటారో రాయాలి. బ్రిటన్‌లో ఇలాంటి పరిహారంలో మొదటి 30 వేల పౌండ్ల వరకు సాధారణంగా పన్ను ఉండదు, కానీ నోటీస్ కాలానికి బదులిచ్చే జీతానికి ఆ మినహాయింపు వర్తించదు. ఇలాంటి గీతలు ప్రతి దేశంలోనూ ఉంటాయి. చేతికి వచ్చే అంకె ఎంతో తెలియకుండా సంతకం పెట్టినవారు తర్వాత మోసపోయామనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

రిఫరెన్స్ లేఖ పాఠాన్ని మాటకు వదిలేయకుండా ఒప్పందానికే జత చేసే పద్ధతి పెరిగింది. ఎవరు అడిగినా ఇదే చెప్పాలి, ఇంతకు మించి చెప్పకూడదు అని. గోప్యత నిబంధన గురించి మాత్రం జాగ్రత్త కావాలి. వేధింపుల ఫిర్యాదు చేయకుండా, అక్రమాలను అధికారులకు చెప్పకుండా నోరు నొక్కే నిబంధనలను చాలా దేశాల చట్టాలు ఒప్పుకోవు. పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఉద్యోగ కాంట్రాక్టులో పాతదేదైనా ఉంటే, అది కొనసాగుతుందో రద్దవుతుందో రాయకుండా వదిలేస్తే కొత్త ఉద్యోగం వచ్చిన రోజున అది బయటపడుతుంది.

## మిగిలినవాళ్లు చూస్తుంటారు

వెళ్లిపోయిన మనిషి కన్నా మిగిలిన సిబ్బంది మీద ప్రభావం ఎక్కువ కాలం ఉంటుంది. ఉదయం ఉన్న మనిషి సాయంత్రానికి లేకపోతే, మెయిల్ అకౌంట్ మూతపడితే, మర్నాడు ఆఫీసులో నడిచే చర్చ "తర్వాత ఎవరు" అన్నదే. ఏం ప్రకటించాలి, ఎప్పుడు, ఎవరి మాటల్లో అన్నది ముందే ఒప్పుకుంటే ఇద్దరి పరువూ నిలుస్తుంది. హ్యాండోవర్‌కు ఎన్ని రోజులు కావాలో పనిని బట్టి తేలాలి. కొన్నిచోట్ల నోటీస్ కాలమంతా జీతమిచ్చి ఇంట్లోనే ఉండమంటారు, దాన్ని గార్డెన్ లీవ్ అంటారు. రహస్యాలు తెలిసిన సీనియర్ల విషయంలో దానికి అర్థముంది. అందరికీ అదే పెడితే అది శిక్షలా కనిపిస్తుంది, పనికి సంబంధించిన జ్ఞానం కూడా ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

## ఖర్చు ఎవరిది

ఇద్దరూ ఒప్పుకున్నారు కదా అని ఖర్చు ఇద్దరిదే అనుకోలేం. భృతి ఇచ్చే నిధి ఉన్నచోట మూడో జేబు ఒకటి ఉంది. అసలైతే రాజీనామా చేసి ఉండేవాళ్లు, అసలైతే పదవీ విరమణకు రెండేళ్లు ఆగేవాళ్లు కూడా ఒప్పందం పేరుతో భృతి తీసుకుంటున్నారన్న విమర్శ ఫ్రాన్స్‌లో ఏళ్లుగా ఉంది. దానికి జవాబుగా 2023 సెప్టెంబర్ నుంచి ఈ పరిహారంపై యాజమాన్యం చెల్లించే ప్రత్యేక చందాను 30 శాతం చేశారు, 2026 నుంచి 40 శాతానికి పెంచారు. జర్మనీ 12 వారాల ఆపుదలతో అదే సమస్యను ఉద్యోగి వైపు నుంచి పట్టుకుంది. ఒకచోట ఒప్పందం యజమానికి ఖరీదు, మరోచోట ఉద్యోగికి ఖరీదు. తీరా చూస్తే జర్మనీలో కూడా ఆ భారం యజమాని మీదికే పాకుతుంది. మూడు నెలల భృతి పోతుందని తెలిసిన ఉద్యోగి ఆ మొత్తాన్ని పరిహారంలో కలిపి అడుగుతాడు.

భృతి లాంటి ఆసరా బలంగా లేని చోట లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ మూడో జేబు లేదు కాబట్టి ప్రభుత్వ ఖజానాకు నొప్పి లేదు, ఎవరూ గణాంకాలు అడగరు. ఒప్పందాలు రాజీనామా లేఖల రూపంలోనే సాగిపోతాయి, అవి రికార్డుల్లో మామూలు రాజీనామాలుగానే కలిసిపోతాయి. ఎంతమంది ఇష్టపడి వెళ్లారో, ఎంతమంది ఆ గదిలోంచి వేరే దారి లేక వచ్చారో ఆ రికార్డులు చెప్పలేవు.